‘గెల’ కూడా పేరే

రావులపాలెం,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.

ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, కంప్యూటర్ సైన్స్ పాఠ్యనిర్ణయ మండలి సభ్యులకు బహిరంగ లేఖ

విషయం: రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను సింటాక్స్ హైలైటింగ్ ద్వారా, తెలుగు పేర్లున్న కోడ్‌తో నేర్పించాలన్న విన్నపం



గౌతమికీ వశిష్ఠకూ మధ్య ఉన్న ఈ ఊళ్ళ డిగ్రీ కాలేజీల్లో కంప్యూటర్ విద్యార్థులు ఏం చదవాలన్నది ఉన్నత విద్యామండలి ఇచ్చిన చట్రంలో మీరే ఖరారు చేస్తారు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. కోరేది మూడు పనులు. ప్రోగ్రామర్లు రెజెక్స్ అని పిలుచుకునే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను సోర్స్ కోడ్‌కు రంగులు వేసే పని మీద పెట్టి నేర్పించండి. ఆ ల్యాబ్‌లో సరిచూసుకోవడానికి తెలుగు పేర్లున్న కోడ్ ఇవ్వండి. అక్కడ బయటపడ్డ తప్పులను విద్యార్థులే సరిచేసి, ఆ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకే పంపేలా చూడండి. ఇది భాషాభిమానంతో చేస్తున్న విన్నపమని కొందరికి అనిపించవచ్చు. నా వాదన మాత్రం ఇంజనీరింగుకు సంబంధించినది: ఎడిటర్ వేసే రంగు కంపైలర్ తరఫున ఇచ్చే మాట. కొన్ని ఉపకరణాల్లో ఆ మాట తెలుగు దగ్గరికి వచ్చేసరికి తప్పుతోంది. ఎందుకు తప్పుతోందో అర్థం చేసుకున్న విద్యార్థికి రెజెక్స్ పూర్తిగా అర్థమైనట్టే.

రంగు వేసే ప్రోగ్రాము కోడ్‌ను కంపైలర్‌లా అర్థం చేసుకుంటూ చదవదు. ఎడమ నుంచి కుడికి అక్షరాల వరుస వెంట నడుస్తూ, దగ్గరున్న నమూనాల జాబితాలో ఏది సరిపోతుందో చూసుకుంటుంది. హాష్ గుర్తు కనిపిస్తే లైను చివరిదాకా కామెంట్ రంగు, కొటేషన్ గుర్తు కనిపిస్తే మళ్ళీ అదే గుర్తు వచ్చేదాకా స్ట్రింగ్ రంగు, ఇఫ్, రిటర్న్ వంటి మాటలకు కీలకపదం రంగు, మిగిలిన పేర్లకు ఇంకో రంగు. నమూనాల వరుస కూడా ముఖ్యమే. కీలకపదాల నియమం కంటే ముందు పేర్ల నియమం పెడితే ‘ఇఫ్’ కూడా మామూలు పేరు రంగులోనే మిగిలిపోతుంది. ఈ నమూనాల వెనక గట్టి గణితం ఉంది. స్టీఫెన్ క్లీనీ 1950ల్లో రెగ్యులర్ సమితుల సిద్ధాంతాన్ని రూపొందించాడు. కెన్ థాంప్సన్ 1968లో దాన్ని వచనంలో వెతికే అల్గారిథంగా మలిచాడు. బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్, ఎరిక్ ష్మిట్ 1975లో రాసిన లెక్స్, కంపైలర్ల మొదటి అంచెనే రెజెక్స్‌తో పుట్టించింది. అంటే పేరును, అంకెను, గుర్తును విడదీసే పనిలో కంపైలరూ ఎడిటరూ వాడేది ఒకే తరహా పనిముట్టు. కాబట్టి ఆ రెండింటి తీర్పూ ఒకటే కావాలి. కాకపోతే లోపం రెజెక్స్ రాసిన చేతిలో ఉంది.

రావులపాలెం అరటి మార్కెట్ లెక్కను పైతాన్‌లో మూడు లైన్లుగా రాద్దాం. అంకెలు ఉదాహరణ కోసమే.

గెలలు = 120
ధర = 350
మొత్తం = గెలలు * ధర

పైతాన్ దీన్ని తడుముకోకుండా నడిపిస్తుంది, 42000 అని లెక్క తేలుస్తుంది. 2007 నాటి పెప్ 3131 ప్రతిపాదన ప్రకారం 2008 డిసెంబరులో వచ్చిన పైతాన్ 3.0 నుంచీ ఇలాంటి పేర్లు చట్టబద్ధమే. జావా అయితే మొదటి నుంచీ ఒప్పుకుంటోంది. ఇక ఇదే కోడ్‌ను ‘ఏ నుంచి జడ్ వరకు ఒక అక్షరం, తరవాత ఎన్నయినా పద అక్షరాలు’ అనే పాతకాలపు నియమంతో రంగు వేసే పనిముట్టులో పెడితే మూడు పేర్లలో ఒక్కటీ పేరుగా గుర్తింపు పొందదు. నియమాన్ని కొంచెం సడలించి, ‘ఏ భాష అక్షరమైనా సరే, తరవాత పద అక్షరాలు’ అని పైతాన్ ప్రామాణిక రెజెక్స్ లైబ్రరీలో రాస్తే ఫలితం ఇంకా వింతగా ఉంటుంది. ‘ధర’ చెక్కుచెదరకుండా వస్తుంది. ‘గెలలు’ మాత్రం ‘గ’, ‘లల’ అని రెండు ముక్కలవుతుంది. ‘మొత్తం’ మూడు ముక్కలు. ‘చక్కెరకేళి’ అని పేరు పెడితే ‘చక’, ‘క’, ‘రక’, ‘ళ’ అని నాలుగు. ‘రావులపాలెం’ కూడా నాలుగే: ‘ర’, ‘వ’, ‘లప’, ‘ల’. ముక్కల మధ్య మిగిలిపోయిన గుర్తులు ఏ నియమానికీ దొరకవు. కోడ్‌కు రంగు వేసే పిగ్‌మెంట్స్ వంటి లైబ్రరీలో ఏ నియమానికీ దొరకని అక్షరాన్ని తప్పు టోకెన్‌గా లెక్కిస్తారు, డిఫాల్ట్ శైలిలో దాని చుట్టూ ఎర్రటి గీత పడుతుంది. కంపైలర్ ఒప్పుకున్న పేరును రంగు తప్పంటుంది. అప్పుడే కోడ్ నేర్చుకుంటున్న విద్యార్థి ఆ ఎర్రగీతను చూసి తన ప్రోగ్రామే తప్పనుకుంటే, ఆ తప్పు అతనిది కాదు.

కారణం యూనికోడ్ తెలుగును దాచుకునే పద్ధతిలో ఉంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ నుంచే తెలుగుకు చోటు ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. తెలుగు తెరమీద కనిపించడం అనే సమస్య అలా తీరుతూ వచ్చింది. అయితే కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘గె’ లోపల రెండు కోడ్ పాయింట్లు: ‘గ’ అనే హల్లు, దానికి అంటుకునే ఎత్వం. ‘చక్కెరకేళి’లో మనం ఐదక్షరాలు చదువుతాం, కంప్యూటర్ పది కోడ్ పాయింట్లు చదువుతుంది. యూనికోడ్ పట్టికలో హల్లులూ అచ్చులూ ‘అక్షరం’ తరగతికి చెందుతాయి. గుణింతం గుర్తులు, పొల్లు, సున్న, విసర్గ మాత్రం ‘చేర్పు గుర్తు’ అనే మరో తరగతి. రెజెక్స్‌లో పద అక్షరానికి వాడే సంకేతం బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ. పైతాన్ ప్రామాణిక లైబ్రరీలో దాని పరిధిలోకి అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ వస్తాయి. చేర్పు గుర్తులు రావు. రెజెక్స్‌ల గురించి యూనికోడ్ సంస్థ ప్రచురించిన సాంకేతిక ప్రమాణం నం. 18, చేర్పు గుర్తులనూ పద అక్షరాలుగానే లెక్కించమని సూచిస్తుంది. ఈ తేడా 2011లోనే పైతాన్ లోపాల పట్టికలో నమోదైంది. జావాస్క్రిప్ట్‌లో ఇదే సంకేతానికి అర్థం ఇంకా ఇరుకు: ఇంగ్లిష్ చిన్న, పెద్ద అక్షరాలు, పది అంకెలు, అండర్‌స్కోర్ కలిపి 63 గుర్తులు, అంతే. టెక్స్ట్‌మేట్ వ్యాకరణాలు ఆధారపడే ఒనిగురుమా ఇంజిన్‌లో (విజువల్ స్టూడియో కోడ్ ఎడిటర్ లోపల ఉన్నది కూడా అదే) ఈ సంకేతం చేర్పు గుర్తులను కలుపుకుంటుంది. రాత ఒకటే, మూడు ఇంజిన్లలో మూడు అర్థాలు. ఇంగ్లిష్ కోడ్‌తో ఎంత సరిచూసినా ఈ తేడా బయటపడదు. ‘గెల’ అన్న చిన్న మాట చాలు, మూడూ విడివిడిగా కనిపిస్తాయి.

అంకెల దగ్గర తప్పు అటునుంచి ఇటు తిరుగుతుంది. పైతాన్ రెజెక్స్‌లో అంకెకు వాడే బ్యాక్‌స్లాష్ డి సంకేతం తెలుగు అంకెలనూ పట్టుకుంటుంది. కానీ పైతాన్ భాషలో ౧౨౦ అని సంఖ్య రాస్తే చెల్లదు. కంపైలర్ సింటాక్స్ తప్పంటుంది. అంటే ఒకే లైబ్రరీతో అజాగ్రత్తగా రాసిన రెండు నియమాల్లో ఒకటి కంపైలర్ ఒప్పుకున్న పేరును నిరాకరిస్తుంది, రెండోది కంపైలర్ నిరాకరించిన సంఖ్యకు పచ్చజెండా ఊపుతుంది. పద సరిహద్దు సంకేతం సంగతీ ఇంతే. పద అక్షరం, పద అక్షరం కానిది కలిసే చోటును అది సరిహద్దుగా చూస్తుంది. జావాస్క్రిప్ట్ దృష్టిలో తెలుగు మొత్తం పదానికి బయటిదే కాబట్టి, ‘సరిహద్దు తరవాత వచ్చే అంకెలు సంఖ్య’ అన్న నియమం ‘ధర2’ అనే పేరులోని 2ను విడదీసి సంఖ్య రంగు పూస్తుంది. పైతాన్ లైబ్రరీలో ‘ధర2’ బాగానే గట్టెక్కుతుంది, ఎందుకంటే ‘ర’ అక్షరమే. ‘గెలలు2’ గట్టెక్కదు, ఎందుకంటే అంకెకు ముందున్నది కొమ్ము. ‘ధర’ ఒక్కటీ ప్రయత్నించి చూసినవాడు తెలుగుకు అంతా సవ్యంగా ఉందని ధైర్యంగా ప్రకటించేస్తాడు. సరిచూసే మాటలను ఎంచుకోవడం కూడా ఒక విద్య అని ఇంతకంటే స్పష్టంగా చూపించే పాఠం దొరకదు.

సరైన దారి కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. పేరు మొదట ఏ అక్షరం రావచ్చు, తరవాత ఏవి రావచ్చు అన్నదానికి యూనికోడ్‌లో రెండు లక్షణాలు నిర్వచించి ఉన్నాయి. పైతాన్ భాష తన పేర్లను వాటి మీదే నిలబెట్టింది. పిగ్‌మెంట్స్‌లోని పైతాన్ నియమాలు పద అక్షరం సంకేతాన్ని నమ్ముకోకుండా ఆ రెండు లక్షణాల జాబితాలనే నేరుగా వాడుకుంటాయి. అలాంటి మరో లైబ్రరీ హైలైట్ జేఎస్ పైతాన్ నియమాల్లోకి కూడా అవే లక్షణాలు వచ్చాయి. జావాస్క్రిప్ట్ రెజెక్స్‌కు 2018 ప్రమాణం ఆ వీలు కల్పించింది. ఈ నియమాలతో ‘గెలలు’ ఒక్క పేరుగా, నిండుగా వస్తుంది. అయితే ఇదే నియమాన్ని అన్ని భాషలకూ అంటించడం కూడా పొరపాటే. గో భాషను చూడండి. దాని నిర్దేశం ప్రకారం పేరులో యూనికోడ్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే ఉండాలి, చేర్పు గుర్తులు కుదరవు. కాబట్టి గో భాషలో ‘ధర’ చెల్లుతుంది, ‘గెల’ చెల్లదు. ఆ నిర్ణయం మనకు నచ్చకపోవచ్చు, మార్చమని గో రూపకర్తలను అడగవచ్చు కూడా. కానీ గో కోడ్‌కు రంగు వేసే రెజెక్స్ ‘గెల’ను పేరుగా చూపిస్తే అది అబద్ధం చెప్పినట్టే. నా వాదనలో తెలుగు పక్షపాతం లేదని చెప్పడానికి ఇదే రుజువు. పైతాన్ దగ్గర ‘గెల’ను ఒప్పుకోవాలి, గో దగ్గర తిప్పికొట్టాలి. ఏ భాషకు రంగు వేస్తున్నామో ఆ భాష నిర్దేశం తెరిచి, అందులో ఉన్నదాన్నే రెజెక్స్‌గా రాయాలి. మన కీబోర్డు అలవాటును నిర్దేశంగా భ్రమపడకూడదు. విద్యార్థికి పట్టుబడాల్సిన క్రమశిక్షణ అదే.

తెలుగులో నడిచే కోడ్ ఎక్కడుంది అని అడిగేవారికి 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా జవాబు. వికీ వ్యాసం వెనక ఉండేది ఒక మార్కప్ భాష. అందులో కీలకపదాలు తెలుగులోనే ఉన్నాయి: మూస, వర్గం, దస్త్రం, దారిమార్పు, బొమ్మను ఏ పక్కన నిలపాలో చెప్పడానికి కుడి, ఎడమ. వికీ కోడ్‌కు రంగులు వేసే ఎడిటర్ ఇలాంటి పదాల జాబితాను ఆ వికీ అమరికల నుంచే తెచ్చుకుంటుంది కాబట్టి ఇంగ్లిష్ మాట రాసినా తెలుగు మాట రాసినా చెల్లుతుంది. ఇంతకంటే ఆసక్తికరమైనది లంకెల తోక నియమం. తెలుగులో విభక్తి ప్రత్యయాలు నామానికి అంటుకుని వస్తాయి. ‘కోనసీమ’కు చదరపు బ్రాకెట్లతో లంకె ఇచ్చి, మూసిన బ్రాకెట్ పక్కనే ‘లో’ రాస్తే, పాఠకుడికి ‘కోనసీమలో’ మొత్తం లంకెగా కనిపించాలి. దీనికోసం వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్ తెలుగు ఫైలులో ఒక్క లైను రెజెక్స్ ఉంది: తెలుగు యూనికోడ్ గదిలో అరసున్న మొదలు తెలుగు అంకె తొమ్మిది దాకా వచ్చే కోడ్ పాయింట్లన్నిటినీ తోకగా తీసుకోమని. గుణింతం గుర్తులన్నీ ఆ హద్దుల్లోనే ఉన్నాయి కాబట్టి ‘లో’, ‘కు’, ‘నుంచి’ అన్నీ విరగకుండా అతుకుతాయి. భాష తీరు తెలిసినవాళ్ళు రాసిన ఒక్క లైను అన్ని వ్యాసాలకూ పనిచేస్తోంది. అదే లైనుకు ఒక హద్దు కూడా ఉంది. ‘ఆంధ్రప్రదేశ్‌లో’ అని రాసేటప్పుడు ‘శ్’కూ ‘లో’కూ మధ్య, ఒత్తు పడకుండా, కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి పెడతాం. దాని చోటు తెలుగు గదిలో లేదు. కాబట్టి బ్రాకెట్ తరవాత ఆ గుర్తుతో మొదలయ్యే తోకను నియమం పట్టుకోలేదు. జావాస్క్రిప్ట్ మాత్రం ఆ గుర్తును పేరులో ఒప్పుకుంటుంది. ఒక్క రెజెక్స్ లైను చుట్టూ ఇంత పాఠం ఉంది, అదీ తెలుగు విద్యార్థికి పుట్టుకతో తెలిసిన భాషలో.

ఇక అభ్యంతరాలు. మొదటిది, అందరి నోటా వచ్చేది: కోడ్ రాసేవారు పేర్లు ఇంగ్లిష్‌లోనే పెడతారు, ఉద్యోగాలిచ్చే కంపెనీలు అదే అడుగుతాయి, పైతాన్ సొంత శైలి నియమావళి పెప్ 8 కూడా తన ప్రామాణిక లైబ్రరీలో ఇంగ్లిష్ అక్షరాల పేర్లే ఉండాలంటుంది, మరి ఈ శ్రమ ఎవరికోసం? అందులో నిజం ఉంది. ఉద్యోగంలో తెలుగు పేర్లు పెట్టమని నేను ఏ విద్యార్థికీ సలహా ఇవ్వడం లేదు. తెలుగును నేను అడుగుతున్నది పరీక్ష సరుకుగా. వంతెన మీద సామాన్యంగా నడిచే బండ్ల బరువు చూసి వంతెన కట్టరు, నిర్దేశం మోయమన్న బరువుకు కడతారు. పైతాన్ నిర్దేశం ‘గెలలు’ను మోయమంది; మోస్తుందో లేదో చూడాల్సిన బాధ్యత రంగు వేసేవాడిది. పైగా ఒక్క తెలుగు కోసం చేసిన ఈ దిద్దుబాటు దేవనాగరి, తమిళం, కన్నడం, మలయాళం, బెంగాలీ, సింహళం, బర్మీస్ వంటి గుణింతం ఉన్న లిపులన్నిటికీ ఒకేసారి పనికొస్తుంది, ఎందుకంటే అన్నిచోట్లా దెబ్బతింటున్నది అదే చేర్పు గుర్తుల తరగతి. అదీకాక పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న లెక్క రంగుతో ఆగదు. మాటమీద రెండుసార్లు నొక్కితే ఎంతమేర ఎంపిక కావాలి, పూర్తి పదంగా వెతకమంటే ఏవి దొరకాలి, ఫారంలో పేరు సరైనదో కాదో ఎలా తేల్చాలి, వ్యాసంలో ఎన్ని మాటలున్నాయి అన్న పనులకు కూడా ప్రోగ్రామర్లు ఇవే సంకేతాలు వాడతారు. ఓటరు పేరు, రైతు పేరు, ఊరి పేరు తెలుగులో తీసుకునే ఏ ప్రభుత్వ వెబ్‌సైటు రాయబోయే విద్యార్థికైనా ఈ పాఠం నేరుగా పనికొస్తుంది.

రెండో అభ్యంతరం కాస్త నిపుణులది: రెజెక్స్‌తో రంగులు వేసే కాలం వెళ్ళిపోతోంది, ట్రీసిట్టర్ వంటి అసలైన పార్సర్లు వచ్చాయి, లాంగ్వేజ్ సర్వర్లు అర్థం ఆధారంగా రంగులిస్తున్నాయి, పాత పనిముట్టు నేర్పడం దేనికి? రెజెక్స్ హద్దులు నిజమైనవే. ఎన్ని బ్రాకెట్లు తెరుచుకున్నాయో శుద్ధమైన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లెక్కపెట్టలేదు. టెక్స్ట్‌మేట్ వ్యాకరణంలో ఒక నమూనా ఒక లైను దాటి చూడలేదు. అందుకే మొదలు నమూనా, ముగింపు నమూనా అని జతలుగా రాసి, మధ్యలో స్థితుల స్టాక్ నడపాల్సి వస్తుంది. 2023 అక్టోబరులో వచ్చిన పైతాన్ 3.12 ఎఫ్ స్ట్రింగ్ లోపల మళ్ళీ అవే కొటేషన్ గుర్తులు వాడనిచ్చింది. ‘కొటేషన్ నుంచి కొటేషన్ దాకా స్ట్రింగ్’ అనుకున్న పాత నమూనాలు అక్కడ బోల్తా కొడతాయి. ఇవన్నీ పాఠంలో భాగం కావాల్సినవే. అయినా పార్సర్ వచ్చినంత మాత్రాన రెజెక్స్ మాయం కాదు, ఒక మెట్టు కిందికి దిగుతుంది. ట్రీసిట్టర్ పైతాన్ వ్యాకరణం తెరిచినా, ఐడెంటిఫయర్ అంటే ఏమిటో చెప్పే చోట ఉన్నది రెజెక్సే, అందులో ఉన్నవి పైన చెప్పిన యూనికోడ్ లక్షణాలే. చెట్టును ఎంత తెలివైన పార్సర్ కట్టినా, ఆకులను కోసిచ్చేది రెజెక్స్. ఆ నియమం ‘ఏ నుంచి జడ్’ అని ఉంటే పార్సర్ మరింత నిక్కచ్చిగా తప్పు చెబుతుంది.

మూడో అభ్యంతరం భద్రత. అన్ని లిపులనూ పేర్లలో ఒప్పుకుంటే ఒకదాన్ని పోలిన మరొకటి పెట్టి మోసం చేయవచ్చు కదా? చేయవచ్చు. కనిపించని దిశామార్పు గుర్తులతో సమీక్షకుడి కళ్ళు ఎలా కప్పవచ్చో 2021 నవంబరులో కేంబ్రిడ్జ్ పరిశోధకులు నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ ట్రోజన్ సోర్స్ అనే పత్రంలో చూపించారు. తెలుగులోనూ అలాంటి ఉచ్చు ఉంది. మాటలో వాడే సున్న, అంకెల్లోని సున్నా చూడటానికి ఒకటే. ‘మొత్తం’, ‘మొత్త౦’ రెండూ పైతాన్‌లో చెల్లే పేర్లే, కానీ వేర్వేరు పేర్లు. ఒకదానిలో విలువ పెట్టి, మరొకదాన్ని చదివితే లెక్క తలకిందులవుతుంది; మోసం అక్కర్లేదు, చేతిపొరపాటు చాలు. కానీ ఈ ప్రమాదానికి విరుగుడు ఏమిటో ఆలోచించండి. ఇంగ్లిష్ అక్షరాలు దాటితే గుడ్డిదైపోయే హైలైటర్ ‘మొత్తం’, ‘మొత్త౦’ మధ్య తేడా చెప్పదు. తెలుగు హల్లు వెంటనే తెలుగు సున్నా అంకె వస్తే హెచ్చరిక రంగు వేయమని ఒక్క నియమం చేర్చినది చెబుతుంది. ఒకే పేరులో తెలుగు, కన్నడ అక్షరాలు కలిసినా అలాగే పట్టుకోవచ్చు. లిపి తెలిసిన రెజెక్సే ఇక్కడ కాపలాదారు. కాపలాదారును చదువుకోవద్దనడం భద్రత అనిపించుకోదు.

నాలుగోది వేగం. యూనికోడ్ లక్షణాలు పెడితే రెజెక్స్ నెమ్మదిస్తుందని, ఏకంగా సర్వర్లే ఆగిపోతాయని భయం. ఆగిపోయిన సర్వర్ల చరిత్రను కాస్త దగ్గరగా చూద్దాం. 2016 జులై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు నిలిచిపోయింది. లైను మొదట, చివర ఖాళీలను కత్తిరించే ఒక రెజెక్స్‌కు సుమారు 20000 ఖాళీలు వరసగా ఉన్న లైను తగిలింది. ఆ ఖాళీలు లైను చివర లేవు. కాబట్టి ఇంజిన్ మొదటి ఖాళీ నుంచి చివరిదాకా వెళ్ళి విఫలమై, రెండోదాని నుంచి మళ్ళీ మొదలుపెట్టి, ఇలా దాదాపు ఇరవై కోట్ల పోలికలు చేసింది. 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ 27 నిమిషాలు దెబ్బతిన్నది, ‘ఏదైనా ఎంతైనా’ అనే నమూనాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టిన రెజెక్స్ వల్ల. రెండుచోట్లా నేరం వెనక్కి తిరిగి మళ్ళీ ప్రయత్నించే పద్ధతిది, దానికి అవకాశం ఇచ్చిన నమూనాది. ఏ అక్షరం ఏ తరగతిదో పట్టికలో చూసుకోవడం అంత ఖర్చైన పని కాదు. థాంప్సన్ 1968లో చూపించిన దారిలో, వెనక్కి తిరగకుండా అన్ని అవకాశాలనూ ఒకేసారి మోసుకుపోయే ఇంజిన్లు గూగుల్ ఆర్ఈ2 రూపంలో, రస్ట్ భాష రెజెక్స్ లైబ్రరీ రూపంలో అందుబాటులో ఉన్నాయి. అవి యూనికోడ్ తరగతులను అర్థం చేసుకుంటూనే వచనం పొడవుకు అనుపాతంలో సమయం తీసుకుంటాయి. విద్యార్థికి ఈ రెండు ప్రమాదాల కథ చెప్పి, నమూనా రాసి, ఎంత పొడవుకు ఎంత సమయం పట్టిందో గ్రాఫ్ గీయిస్తే, ఆటోమేటా సిద్ధాంతం పుస్తకం దాటి బతుకుతుంది.

ఇప్పుడు పని సంగతి. ఒకటి: ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో ఫోన్ నంబరు, ఈమెయిల్ సరిచూసే పాత అభ్యాసాల పక్కన చిన్న హైలైటర్ రాసే అభ్యాసం చేర్చండి. కామెంట్, స్ట్రింగ్, సంఖ్య, కీలకపదం, పేరు. ఈ ఐదింటిని గుర్తిస్తే చాలు. విద్యార్థి నియమం చెప్పినదీ, పైతాన్ సొంత టోకెనైజర్ చెప్పినదీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. మార్కులు ఆ పోలికకే. రెండు: పరీక్ష ఫైలు ఒకటి విశ్వవిద్యాలయం పేరున బహిరంగ లైసెన్స్‌తో విడుదల చేయండి. అందులో ‘ధర’ వంటి గుణింతం లేని పేరు, ‘గెల’ వంటి గుణింతం ఉన్న పేరు, ‘చక్కెరకేళి’ వంటి ద్విత్వం, ‘మొత్తం’ వంటి సున్నతో ముగిసేది, అరసున్న, విసర్గ, పొల్లుతో ముగిసే పేర్లు, ‘గెలలు2’ వంటి అంకెతో ముగిసేవి, తెలుగు అంకెలు, విడదీత గుర్తు ఉన్న మాటలు ఉండాలి. ఐత్వం ఒకే కోడ్ పాయింట్‌గానూ, రెండుగా విడదీసీ రాయవచ్చు. యూనికోడ్ రెండూ సమానమంటుంది, పైతాన్ రెండింటినీ ఒకే పేరుగా తీసుకుంటుంది. ఆ జంట కూడా ఫైలులో ఉండాలి. ప్రతి లైను పక్కన పైతాన్, జావా, జావాస్క్రిప్ట్, గో కంపైలర్లు ఏమంటాయో నమోదు చేయాలి. మూడు: డిగ్రీ విద్యార్థులకు ఇప్పుడున్న ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ పనుల్లో ఈ దిద్దుబాట్లకు చోటివ్వండి. ఏదో ఒక బహిరంగ ప్రాజెక్టులో ఒక నియమం తప్పని నిరూపించి, సరైన నియమం పరీక్షతో సహా పంపి, దాని నిర్వాహకుల ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబిచ్చిన విద్యార్థికి, కోర్సు పూర్తిచేసిన సర్టిఫికెట్ తెచ్చిన విద్యార్థికి ఇచ్చే మార్కులకంటే తక్కువ ఇవ్వకూడదు. పంపిన మార్పును ప్రాజెక్టు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. మార్కులు వాదన నాణ్యతకు.

అధ్యాపకులకు ఇది అదనపు బరువు కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఒకే ల్యాబ్‌లో అరవై మందిని చూసుకునేవారిని యూనికోడ్ ప్రమాణాలు చదవమనడం తేలిక కాదు. అందుకే పరీక్ష ఫైలు కేంద్రంగా తయారు కావాలంటున్నాను. అది ఒకసారి తయారైతే అధ్యాపకుడి పని, విద్యార్థి నియమాన్ని దానిమీద నడిపి ఎన్ని లైన్లు కలిశాయో చూడటమే. కొత్త యంత్రాలు అక్కర్లేదు, కొనాల్సిన సాఫ్ట్‌వేర్ లేదు, ఇక్కడ చెప్పిన పనిముట్లలో దాదాపు అన్నీ ఉచితంగా దొరికేవే. నిజానికి ఈ విషయంలో కోనసీమలోని రాజోలు, కొత్తపేట కాలేజీల విద్యార్థికి బయటివారికంటే ఒక మెట్టు పైచేయి ఉంది. ‘చక్కెరకేళి’ విరిగితే విరిగిందని అతనికి వెంటనే కనిపిస్తుంది. ఇంగ్లిష్ ఒక్కటే తెలిసిన ప్రోగ్రామర్ దాన్ని చూసి ఏదో గీతల గుంపు అనుకుని దాటిపోతాడు. మన విద్యార్థుల లోపంగా చూపిస్తూ వచ్చిన తెలుగు మాధ్యమపు చదువు, ఈ ఒక్క పనిలో, ప్రపంచంలో చాలామందికి లేని పరిశీలనా శక్తి అవుతుంది. ఆ శక్తిని సిలబస్ వాడుకోకపోతే వృథా అవుతుంది.

పాఠ్యనిర్ణయ మండలి తదుపరి సమావేశపు అజెండాలో ఈ మూడు ప్రతిపాదనలను చేర్చాలని, చర్చ జరిగాక ఒప్పుకున్నవాటినీ తిరస్కరించినవాటినీ కారణాలతో సహా బహిరంగంగా ప్రకటించాలని కోరుతున్నాను. పరీక్ష ఫైలు ఆలోచన ఒక్కదానికే ఒప్పుకున్నా మొదలుపెట్టడానికి అది చాలు. మిగిలిన రెండూ దాని ఫలితాలు చూశాక మీరే తేల్చవచ్చు.

ఇట్లు,
రావులపాలెం నుంచి
ఒక ప్రోగ్రామర్